మీ గంటల లెక్క మీ దగ్గరుందా?

'ఎనిమిది గంటల పని' అని చేరతాం. పది, పన్నెండు గంటలు చేస్తాం. అదేమని అడిగితే 'ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నావు కదా' అంటారు. దుకాణాల్లో, చిన్న సంస్థల్లో పనిచేసే ఆడవాళ్లకు పనివేళలు, విరామం, ఓవర్‌టైమ్ గురించి చట్టం ఏం చెబుతోంది? పాతబస్తీ బజారు సాక్షిగా తెలుసుకుందాం.

పండగొచ్చిందంటే పాతబస్తీ నిద్రపోదు. చార్మినార్ చుట్టూ, లాడ్‌బజార్‌లో, పత్తర్‌గట్టీలో, మదీనా దగ్గర అర్ధరాత్రి దాటినా పట్టపగల్లాగే ఉంటుంది. గాజులు, అత్తరు, చీరలు, షేర్వానీలు... కొనేవాళ్లకు సందడే సందడి. ఇంటిల్లిపాదీ కదిలి వస్తారు. కౌంటరు అవతల నిలబడి నలభయ్యో చీర మడత విప్పి చూపిస్తున్న అమ్మాయిని మాత్రం ఎవరూ అంతగా గమనించరు. ఆమె పొద్దున ఎన్నింటికి వచ్చింది? మళ్లీ ఎన్నింటికి ఇల్లు చేరుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఆమెకు తెలుసు. కానీ ఆ జవాబు ఎక్కడా కాగితం మీద ఉండదు. చిక్కంతా అక్కడే!

బట్టల షోరూములు, నగల దుకాణాలు, మందుల షాపులు, బ్యూటీ పార్లర్లు, నర్సింగ్ హోముల రిసెప్షన్లు... ఇప్పుడు ఎక్కడ చూసినా ఆడపిల్లలే. షాలిబండ, మొగల్‌పురా, తలాబ్‌కట్టా, యాకుత్‌పురా, లాల్‌దర్వాజా గల్లీల నుంచి నడిచో, షేరింగ్ ఆటో ఎక్కో పనికి వస్తారు. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన పిల్ల, తమ్ముడి ఫీజు కట్టాల్సిన అక్క, భర్త సంపాదన చాలక మొదటిసారి గడప దాటిన ఇల్లాలు... ఒక్కొక్కరిది ఒక్కో అవసరం. పనిలో చేరేటప్పుడు 'జీతం ఎంత?' అని అందరూ అడుగుతారు. రోజుకెన్ని గంటలు, మధ్యలో విరామం ఎంత, ఎక్కువసేపు ఉంటే దానికేమిస్తారు... ఈ మూడూ అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనని భయం. నిజానికి ఈ మూడింటికీ జవాబులు యజమాని ఇష్టాన్ని బట్టి ఉండవు. చట్టంలో ఎప్పుడో రాసిపెట్టి ఉన్నాయి.

ఎనిమిది గంటలు, ఒక గంట విరామం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో దుకాణాలు, సంస్థల చట్టం వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోనూ అదే కొనసాగుతోంది. (ఆంధ్రప్రదేశ్ 2025లో తన చట్టాన్ని సవరించుకుంది. కనుక ఇక్కడ చెప్పే లెక్కలు తెలంగాణకు చెందినవి.) ఒక చిన్న బట్టల కొట్టు నుంచి పెద్ద షోరూము వరకు అన్నీ ఈ చట్టం కిందికి వస్తాయి. 'మాది చిన్న దుకాణం, మాకు రూల్సేమిటి' అనడానికి వీల్లేదు.

దుకాణంలో పనిచేసే ఉద్యోగితో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలకు మించి మామూలు పని చేయించకూడదు. వరసగా ఐదు గంటలు పనిచేశాక కనీసం ఒక గంట విరామం ఇచ్చి తీరాలి. 'తిని పది నిమిషాల్లో వచ్చెయ్' అంటే కుదరదు. ఆ గంట మీది. ఆ గంటలో గిరాకీ వచ్చిందని పిలిస్తే అది విరామం కాదు, పనే.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. పొద్దున పనిలోకి వచ్చిన సమయం నుంచి రాత్రి బయటపడే సమయం వరకు, మధ్యలో విరామాలతో కలిపి మొత్తం పన్నెండు గంటలకు మించకూడదు. కొన్ని దుకాణాల్లో మధ్యాహ్నం గిరాకీ ఉండదని రెండు మూడు గంటలు ఇంటికి పంపి, సాయంత్రం మళ్లీ రమ్మంటారు. 'మధ్యలో ఖాళీయే కదా' అంటారు. కానీ పొద్దున తొమ్మిదింటికి వచ్చినవాళ్లు రాత్రి తొమ్మిదింటికల్లా పూర్తిగా బయటపడాలి. మధ్యలో ఇంటికి వెళ్లి వంట చేసి వచ్చినా సరే, ఆ గంటలు కూడా ఈ పన్నెండులోనే లెక్క.

వారానికి ఒక రోజు సెలవు. ఆ సెలవుకు జీతం కోయకూడదు. ఒక ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకు తర్వాతి ఏడాది 15 రోజులు జీతంతో కూడిన సెలవు వస్తుంది.

రోజుకు రెండు గంటలంటే నెలకు సగం జీతం!

అదనపు పనికి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలని ఇదే చట్టం చెబుతోంది. 'రెట్టింపు' అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఎంతవుతుందో లెక్క వేసి చూసుకునేవాళ్లు అరుదు. ఒక్కసారి వేసి చూద్దాం.

ఒకమ్మాయికి నెలకు 15,600 రూపాయల జీతం అనుకుందాం. నెలకు 26 పనిదినాలు. రోజుకు 600 రూపాయలు. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 75 రూపాయలు. ఓవర్‌టైమ్ గంటకు రెట్టింపు కనుక 150 రూపాయలు. ఆమె రోజూ రెండు గంటలు ఎక్కువ ఉంటోంది. అంటే నెలకు 52 గంటలు. 52ను 150తో గుణించండి. 7,800 రూపాయలు! సరిగ్గా సగం జీతం.

జీతం ఎంతయినా ఈ లెక్క మారదు. ఎనిమిది గంటల పనికి రోజూ రెండు గంటలు కలిస్తే, రెట్టింపు రేటున అవి నాలుగు గంటల కింద లెక్క. నాలుగు అంటే ఎనిమిదిలో సగం. కాబట్టి 'కాసేపే కదా, ఉండమ్మా' అన్న మాట వెనక నెలనెలా మీ సగం జీతం ఉందని గుర్తుపెట్టుకోండి. ఆ డబ్బుతో ఇంటి అద్దె కట్టొచ్చు. పిల్లవాడి స్కూలు ఫీజు కట్టొచ్చు.

ఇంకో మాట. డబ్బిస్తాం కదా అని ఎన్ని గంటలైనా పనిచేయించుకోవడానికి లేదు. దుకాణాల్లో ఓవర్‌టైమ్ వారానికి ఆరు గంటలకు మించకూడదు. మించి చేయిస్తే అది యజమాని చేసిన తప్పు. చేసిన పనికి డబ్బు అడిగే హక్కు మీకు అప్పుడూ ఉంటుంది.

పండక్కి ఇచ్చే బక్షీసు, ఒక చీర, డబ్బా మిఠాయి... ఇవన్నీ సంతోషమే. కానీ అవి ఓవర్‌టైమ్‌కు బదులు కావు.

రంజాన్ రాత్రులు... షరతులు

'పండగ నెలలో ప్రభుత్వమే రాత్రంతా తెరుచుకోమంది కదా' అని సేఠ్‌లు అంటుంటారు. అది నిజమే. కానీ సగం నిజం. 2025 రంజాన్ నెలలో మార్చి 2 నుంచి 31 వరకు రాష్ట్రంలో దుకాణాలు 24 గంటలూ తెరిచి ఉంచుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ అనుమతితోపాటే షరతులూ పెట్టింది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలి. సెలవు రోజున పనిచేయిస్తే బదులుగా మరో రోజు సెలవివ్వాలి. అంటే తెరిచి ఉండేది దుకాణం. అందులో మనుషులు మారుతూ ఉండాలి. షట్టర్ మూయలేదని ఒకే అమ్మాయిని పొద్దుటి నుంచి సహరి దాకా నిలబెట్టడానికి ఆ ఉత్తర్వు ఒప్పుకోదు.

పండగ నెలలోనే కాదు, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉంచుకోవాలనుకునే దుకాణాలకు 2023 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. అందులోనూ వారపు సెలవు, ఓవర్‌టైమ్, ఉద్యోగులకు గుర్తింపు కార్డులు వంటి షరతులున్నాయి. ఆడవాళ్లతో రాత్రిపూట పనిచేయించాలంటే వాళ్ల అంగీకారం ఉండాలి. భద్రత చూడాలి. ఇంటికి వెళ్లడానికి వాహనం ఏర్పాటు చేయాలి.

1988 చట్టంలో అసలు నియమం ఏమిటంటే, ఆడవాళ్లతో పొద్దున ఆరింటికి ముందు, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత పనిచేయించకూడదు. తర్వాత వచ్చినవన్నీ షరతులతో ఇచ్చిన మినహాయింపులే. షరతులు పాటించని యజమానికి మినహాయింపు వర్తించదు. 'రాత్రి పదకొండింటికి ఆటో దొరకలేదు, అన్నయ్య వచ్చేదాకా షట్టర్ ముందు నిలబడ్డాను' అని ఏ అమ్మాయీ చెప్పుకోవాల్సిన పని లేదు. ఆమెను ఇల్లు చేర్చే బాధ్యత ఆ దుకాణానిదే.

'పది గంటలు చేశారు కదా' అంటే...

ఈమధ్య కొత్తగా వినిపిస్తున్న మాట ఇది. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులో రోజుకు పది గంటల వరకు పని అన్న మాట ఉంది. దాన్ని పట్టుకుని దుకాణాల్లో కూడా 'ఇప్పుడు పది గంటలే రూలు' అంటే నమ్మకండి. ఆ ఉత్తర్వు వాణిజ్య సంస్థలకు, అంటే ఆఫీసుల వంటివాటికి. దుకాణాలకు వర్తించదని అందులోనే ఉంది. ఆఫీసుల్లోనైనా వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. ఒక రోజు పది గంటలు చేస్తే మరో రోజు తగ్గాలి. 48 దాటిన ప్రతి గంటకూ ఓవర్‌టైమ్ రావాలి.

ప్రొబేషన్ అంటే ఉచిత సేవ కాదు

ఇక అసలు బెదిరింపు దగ్గరికి వద్దాం. 'మూడు నెలలు చూస్తాం. పని నచ్చితే ఉంచుకుంటాం.' ఇందులో తప్పేమీ లేదు. కొత్తగా వచ్చిన మనిషి పనితీరు చూసుకునే హక్కు యజమానికి ఉంది. తప్పెక్కడంటే, ఆ మూడు నెలలూ సగం జీతమే ఇవ్వడం, వారపు సెలవు లేదనడం, ఓవర్‌టైమ్ 'పర్మినెంట్ అయ్యాక చూద్దాం' అనడం.

పనివేళలు, విరామం, వారపు సెలవు, ఓవర్‌టైమ్, కనీస వేతనం... ఇవన్నీ పనిలో చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు ఒక గడియారం, పర్మినెంట్ వాళ్లకు ఇంకో గడియారం లేవు. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట, జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్ఐ కూడా మొదటి రోజు నుంచే. మీ జీతంలో 0.75 శాతం కోస్తారు. యజమాని 3.25 శాతం కలిపి కట్టాలి. మీ జీతంలో కోత పడుతోందీ అంటే మీ పేరున ఈఎస్ఐ నంబరు ఉండాలి. ఆ నంబరు అడిగి తీసుకోండి.

మరి ప్రొబేషన్‌కూ పర్మినెంట్‌కూ తేడా ఏమిటి? ప్రధానంగా తీసేసే విషయంలో. దుకాణాల చట్టం ప్రకారం ఆరు నెలలు ఏకధాటిగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు. తీసేస్తే నెల రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. లేదా నెల జీతం ఇవ్వాలి. ఐదేళ్లు దాటినవాళ్లకైతే, చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల వేతనం చొప్పున పరిహారం కూడా రావాలి. అందుకే కొన్నిచోట్ల ఐదో నెలలో 'పదిరోజులు ఇంటి దగ్గరుండి మళ్లీ రా' అంటారు. తిరిగి చేరినప్పుడు లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుందని వాళ్ల ఎత్తు. మీరు మొదట ఏ తారీఖున చేరారో, మధ్యలో ఎందుకు రావద్దన్నారో మీ దగ్గర రాసి ఉంటే ఆ ఎత్తు అంత తేలిగ్గా పారదు.

చేరేటప్పుడు టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్ల అసలు ప్రతులు ఇవ్వమంటారు కొందరు. జిరాక్స్ ఇవ్వండి. అసలువి చూపించి వెనక్కి తీసుకోండి. సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉంటే మీరు ఏమీ అడగలేరు. వాళ్ల ధైర్యం కూడా అదే.

గర్భిణి అని తెలియగానే 'ప్రొబేషన్ అయిపోయింది, రేపట్నుంచి రాకు' అనే వాళ్లూ ఉన్నారు. ప్రసూతి సెలవుకు పర్మినెంట్ ఉద్యోగి కావాలన్న షరతు చట్టంలో లేదు. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో దినకూలీకి రోడ్డు పనులు చేసే ఆడవాళ్లకు కూడా ప్రసూతి సౌకర్యం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000లోనే తీర్పు ఇచ్చింది. 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు ఆ సెలవు 26 వారాలైంది.

కొత్త కోడ్‌లతో ఏం మారింది?

2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత కేంద్ర చట్టాల స్థానంలో వచ్చిన ఈ కోడ్‌ల మంచిచెడ్డల మీద కార్మిక సంఘాలకూ, ప్రభుత్వానికీ మధ్య వాదోపవాదాలు నడుస్తున్నాయి. రాష్ట్రం చేసిన దుకాణాల చట్టం మాత్రం ఆ 29లో లేదు. అది అలాగే ఉంది. ఆడవాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు ఈ కోడ్‌లలో ఉన్నాయి.

మొదటిది అపాయింట్‌మెంట్ లెటర్. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. 'నోటిమాట చాలు' అన్న రోజులు పోయాయి.

రెండోది జీతం తేదీ. నెలజీతం తర్వాతి నెల ఏడో తేదీలోగా చేతికి రావాలి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇచ్చేయాలి. 'పండగయ్యాక రా' అని తిప్పించుకోకూడదు.

మూడోది కోతలు. పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోసే అలవాటు చాలా షాపుల్లో ఉంది. రానంత సమయానికే కోయాలి తప్ప అంతకు మించి కోయకూడదు. జరిమానాలన్నీ కలిపినా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు.

నాలుగోది చాలా ముఖ్యం. రావాల్సిన వేతనం కోసం మూడేళ్ల లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉద్యోగంలో ఉండగా భయపడి అడగలేకపోయినా, మానేశాక అడగొచ్చు. పైగా జీతం ఇవ్వలేదనో, తక్కువ ఇచ్చారనో మీరు ఫిర్యాదు చేస్తే, ఇచ్చామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత యజమానిదే.

ఈ ఎనిమిది గంటలు ఊరికే రాలేదు

ఎనిమిది గంటల పని కోసం 1886లో చికాగో కార్మికులు ప్రాణాలొడ్డారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందం పరిశ్రమల్లో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటల గురించే. మన దేశంలో ఫ్యాక్టరీల పనివారాన్ని 54 గంటల నుంచి 48 గంటలకు తగ్గించిన 1946 నాటి సవరణను తెచ్చింది అప్పటి కార్మిక శాఖ సభ్యుడు డాక్టర్ అంబేద్కర్.

ఆ గాలి పాతబస్తీకీ సోకింది. మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కనున్న సిటీ కాలేజీలో ఉర్దూ పాఠాలు చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ ఆ ఉద్యోగం వదిలి కార్మిక సంఘాల్లోకి వెళ్లారు. కవిగా ఎంత పేరో, కార్మిక నాయకుడిగానూ అంత పేరు. నిజాం పాలన ముగిశాక హైదరాబాద్ రాష్ట్రంలో 1951లోనే దుకాణాల చట్టం వచ్చింది. చట్టం మన ఊరికి కొత్తకాదు. బజారులోకి దిగి రావడమే ఆలస్యం.

కూర్చునే హక్కు

పనిగంటల్లో లెక్కకు రాని బాధ ఇంకొకటుంది. నిలబడటం! గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోనివ్వని షాపులున్నాయి. కాళ్ల వాపులు, నడుంనొప్పి, నరాలు ఉబ్బడం... పైగా టాయిలెట్ సౌకర్యం సరిగా ఉండదని పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉంటారు కొందరు. ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. కేరళలో, కోజికోడ్‌లోని మిఠాయి తెరువు బజారులో ఈ బాధ నుంచే ఒక ఉద్యమం పుట్టింది. కుట్టుపని చేసుకునే విజి అనే ఆమె ముందు నిలబడి 'పెణ్‌కూట్టు' పేరుతో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లను కూడగట్టింది. మొదట టాయిలెట్ల కోసం, తర్వాత కూర్చోవడం కోసం కొట్లాడారు. ఫలితంగా 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి, ఉద్యోగులకు కూర్చునే వీలు కల్పించాలని రాసింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది.

మిఠాయి తెరువుకూ మన పత్తర్‌గట్టీకీ పెద్ద తేడా లేదు. అవే ఇరుకు దుకాణాలు, అవే చీరల మడతలు. అక్కడ సాధించారంటే కారణం ఒకటే, పది కొట్ల ఆడవాళ్లు ఒక్కచోట కూర్చుని మాట్లాడుకున్నారు.

ఇంటి దగ్గర చేసే పనికి గంటలెక్కడ?

పాతబస్తీ గురించి చెబుతూ గాజుల గురించి చెప్పకపోతే ఎలా? హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లాడ్‌బజార్ అద్దాల వెనక మెరిసే ఆ గాజుల మీద రాళ్లు అంటించేది చాలావరకు గల్లీల్లోని చిన్న చిన్న గదుల్లో, ఇళ్లలో. జరీ, జర్దోజీ పని కూడా అంతే. ఆడవాళ్లు ఇంటి పనంతా ముగించుకుని కూర్చుంటారు. కూలి జతల లెక్కన, పీసుల లెక్కన. మొదలుపెట్టే గంట లేదు, ముగించే గంట లేదు.

లెక్క లేని పనిగంటలు ఎక్కడికి దారితీస్తాయో 2015 జనవరిలో చూశాం. పాతబస్తీలో గాజులు చేసే గదుల్లో మగ్గిపోతున్న 200 మందికి పైగా పిల్లల్ని పోలీసులు విడిపించారు. వాళ్లలో చాలామంది బీహార్ నుంచి తెచ్చిన పసివాళ్లు.

ఇంటి దగ్గర పనిచేసేవాళ్లకు దుకాణం ఉద్యోగికున్నంత రక్షణ లేదు. ఇది ఒప్పుకోవాల్సిన మాటే. అయినా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎన్ని జతలు తెచ్చారు, ఎన్ని ఇచ్చారు, ఎంత ఇచ్చారు... రోజూ రాసుకోవడం మొదటిది. ఒక రోజు మొత్తం పనిని గడియారం పెట్టి చూసుకోండి. గంటకు ఎంత పడుతోందో తెలుస్తుంది. ఆ అంకె చూస్తే చాలామందికి కళ్లు తిరుగుతాయి. రేటు పెంచమని అడిగేటప్పుడు ఆ అంకే మీ బలం. గల్లీలో పదిమంది కలిసి ఒకే రేటు అడిగితే ఇంకా బలం. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోండి. మీరు పనిచేసే మనిషి అని ప్రభుత్వ రికార్డులో ఉండటం ముఖ్యం.

అడిగితే తీసేస్తారేమో?

ఈ భయం అబద్ధం కాదు. ఒంటరిగా వెళ్లి అడిగిన అమ్మాయిని మర్నాడు రావద్దన్న యజమానులు ఉన్నారు. అందుకని ముందు రుజువు, తర్వాత తోడు, ఆ తర్వాతే ప్రశ్న.

రుజువు అంటే పెద్ద విషయం కాదు. ఒక నోటుపుస్తకం. వచ్చిన టైము, విరామం, వెళ్లిన టైము. ప్రతిరోజూ. నెల తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసింది వేరు, ఏ రోజుకారోజు రాసింది వేరు. 'ఈరోజు లేటవుతుంది, ఉండు' అని సూపర్‌వైజర్ ఫోన్‌లో పెట్టిన మెసేజ్, జీతం బ్యాంకులో పడిన తేదీ... అన్నీ రుజువులే.

తోడు అంటే మీతోపాటు పనిచేసేవాళ్లు. నలుగురు కలిసి సంతకాలు పెట్టిన కాగితానికి ఉన్న విలువ ఒక్కరి మాటకు ఉండదు. మొదట యజమానితోనే మర్యాదగా మాట్లాడండి. చట్టం తెలియక తప్పు చేసేవాళ్లూ ఉంటారు. 'సేఠ్, ఈ నెల నా ఎక్స్‌ట్రా గంటలు ఇవి' అని లెక్క ముందు పెడితే ఇచ్చేవాళ్లూ ఉంటారు.

వినకపోతే కార్మిక శాఖ ఉంది. మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఒక నకలు మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. కార్మిక శాఖ కమిషనర్ కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. ఆ పేరు కూడా గుర్తుపెట్టుకోదగ్గదే. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా జీవితం మొదలుపెట్టి ముఖ్యమంత్రి అయిన టి. అంజయ్య పేరది.

లాయరును పెట్టుకునే స్తోమత లేదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతయినా సరే, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. పాతబస్తీవాళ్లకు అదీ దూరం కాదు. పురానీ హవేలీలో, సిటీ సివిల్ కోర్టు దగ్గరే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఫోన్ చేయాలంటే 15100.

చేరే ముందు... చేరాక

- జీతంతోపాటు పనివేళలు, వారపు సెలవు, ఓవర్‌టైమ్ రేటు అడగండి. వీలైతే కాగితం మీద రాయించుకోండి.
- చేరిన తేదీ ఎక్కడైనా నమోదు కావాలి. నియామక పత్రం ఇవ్వకపోతే, చేరిన రోజున 'ఈరోజు నుంచి డ్యూటీలో చేరాను' అని యజమానికి ఒక మెసేజ్ పంపండి.
- సర్టిఫికెట్ల అసలు ప్రతులు ఎవరి చేతిలోనూ పెట్టకండి.
- ఖాళీ కాగితం మీద, ఖాళీ ఓచర్ మీద సంతకం పెట్టకండి.
- హాజరు రిజిస్టర్‌లో మీరు నిజంగా వచ్చిన, వెళ్లిన సమయాలే ఉన్నాయా? ఒకసారి చూడండి.
- జీతం బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి. నగదుగా ఇస్తే తేదీతో స్లిప్పు తీసుకోండి.
- ఓవర్‌టైమ్ లెక్క: నెలజీతాన్ని 26తో, వచ్చినదాన్ని 8తో భాగించి, రెండుతో గుణించండి. అది మీ అదనపు గంట విలువ.

ఇంట్లో పాలవాడి లెక్క, చీటీల లెక్క, కిరాణా ఖాతా... ఒక్క రూపాయి తేడా రాకుండా చూసుకునేది మనమే. క్యాలెండర్ మీద గీత పెట్టకుండా ఒక్క పాల ప్యాకెట్ కూడా ఇంట్లోకి రానివ్వం. మరి మనం అమ్ముకునే గంటల సంగతేమిటి? పాలకు పెట్టే ఆ గీతే, మీ గంటలకూ పెట్టండి. ఈ రాత్రి పని నుంచి వచ్చాక, పడుకునే ముందు మొదటి లైను రాయండి.